చేతిని చూసి వేసిన కాడ

గత వారం మా వీధిలో ఒక ముసలి వడ్రంగి పాత మంచానికి కోడు అతికిస్తూ చిన్న రేకు డబ్బాలో జిగురు కాచాడు. ఇప్పుడందరూ సీసాలో వచ్చే తెల్ల జిగురే వాడతారు. ఈయన మాత్రం పశువుల తోలు ఉడికించి తీసే పాతకాలపు జిగురునే నమ్ముకున్నట్టుంది. దాని వాసన బాగుంటుందని ఎవరూ అనరు. పక్కింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ మూసేసింది. నేను మాత్రం కూరగాయల సంచీతో ఆ పొగ పక్కనే నిలబడిపోయాను. "ఏం కావాలమ్మా" అని వడ్రంగి రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని చెప్పి ఇంకో అయిదు నిమిషాలు అక్కడే ఉన్నాను. పిచ్చిదనుకుని ఉంటాడు. ఆ వాసనతో పాటు ఖాదర్ మామ వచ్చి నా ముందు కూర్చున్నాడని ఆయనకు ఎలా చెప్పను? మీకూ ఆయన తెలియదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో బి.ఎ. చదువుతూ బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. ఆ పేరు చెబితే ఈ కాలం పిల్లలు షటిల్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇక్కడ ఈకల బుట్ట ఉండదు, పసుపుపచ్చ ఉన్ని బంతి ఉంటుంది. మట్టి కోర్టు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఆరుబయట ఆడాలి కాబట్టి అవతలి జట్టుతో పాటు తిరుమల కొండ మీంచి దిగే గాలితో కూడా పోట్లాడాలి. నాది వెనక వరుస. తల మీదుగా కొట్టిన బంతి వల దాటి అవతలివాళ్ళ వెనక గీత దగ్గర పడేలా చూడడం నా పని. ఆ పని నాకు ప్రాణం. క్లాసులో నన్ను లేపి ప్రశ్న అడిగితే నోరు పెగలని దాన్ని, కోర్టులోకి దిగితే మాత్రం ఎవరికీ తగ్గేదాన్ని కాదు.

మాది కార్వేటినగరం. నాయనకు బస్టాండు దగ్గర బట్టల కొట్టు. నన్ను తిరుపతిలో హాస్టలులో చేర్పించిన రోజున ఆయన గేటు దగ్గర నిలబడి ఒక మాట చెప్పాడు. "మూడేండ్లు సదువుకో. ఆ పైన నువ్వు అడిగే డ్రిల్లు టీచరు కోర్సుకు సీటొస్తే పో, నేనేం అడ్డం రాను. రాకుంటే ఇంటికొచ్చి కొట్లో కూసో. అప్పుడు ఏడ్సకూడదు మల్ల." కఠినమైన మాట కాదు, న్యాయమైన మాటే. అయితే ఆ సీటుకు రెండు కావాలి. యూనివర్సిటీ జట్టులో ఆడినట్టు సర్టిఫికెట్ ఒకటి, మా వ్యాయామ అధ్యాపకురాలి చేతి ఉత్తరం ఒకటి. చీరలంటే నాకు ద్వేషం లేదు గానీ, జీవితమంతా వాటిని విప్పి చూపించి మళ్ళీ మడతపెడుతూ గడపాలంటే ఊపిరాడేది కాదు. నాకు ఈల కావాలి, మైదానం కావాలి, ఎండలో పరుగెత్తే పిల్లలు కావాలి. ఇంకేదీ వద్దు.

మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. దసరాకు ఆయుధ పూజనాడు వల, బంతులు, రాకెట్లు అన్నీ ఒక బల్ల మీద పేర్చి పసుపు కుంకుమలు పెట్టేవాళ్ళు. పూజ అయ్యాక, వెళ్ళిపోయే కెప్టెను తన రాకెట్‌ను తర్వాతి ఏడాది వాళ్ళలో బాగా ఆడే అమ్మాయి చేతిలో పెట్టేది. ఆ అమ్మాయి దాన్ని కళ్ళకద్దుకుని, తను వెళ్ళేదాకా దానితోనే ఆడాలి. రాకెట్‌కు అల్లిన తీగలు, అదే గట్లు, తెగితే మార్చుకోవచ్చు. అంతకుమించి దాన్ని ముట్టుకోకూడదు. దీన్ని మొదలుపెట్టింది ఎవరో నాకు తెలియదు గానీ, మా వ్యాయామ అధ్యాపకురాలు శకుంతల మేడం మాత్రం దీన్ని దేవుడి పనిలా పట్టుకుంది. మేడం మంచి మనిషి, కోపం జాస్తి. నేను రెండో ఏడు చదువుతుండగా మా కెప్టెను పద్మక్క తన రాకెట్‌ను నా చేతిలో పెట్టి, ఉద్యోగం వచ్చి గుంతకల్లుకు వెళ్ళిపోయింది. పద్మక్క ఆరడుగులకు కొంచెం తక్కువ. చెయ్యి విసిరితే కొరడా చప్పుడయ్యేది. ఆమె రాకెట్ నా చేతికి వచ్చిందంటే ఇక యూనివర్సిటీ జట్టులో చోటు ఖాయమని హాస్టలంతా నిర్ణయించేసింది. నేనూ నిర్ణయించేసుకున్నాను, సిగ్గు లేకుండా.

రెండు నెలల్లో నా ఆట పాడైపోయింది. అంతకుముందు పాత డొక్కు రాకెట్‌తో వెనక గీత దాకా కొట్టినదాన్ని, ఇప్పుడు వల దాటించడానికే కష్టపడేదాన్ని. బంతి తగిలినప్పుడల్లా మోచేతిలో మేకు దిగినట్టు ఉండేది. సాయంత్రానికి నీళ్ళ చెంబు ఎత్తలేకపోయేదాన్ని. ఎవరితోనూ అనలేదు. రాకెట్ బాగాలేదంటే పద్మక్కను తప్పుపట్టినట్టు, ఆచారాన్ని తప్పుపట్టినట్టు. అందుకని తప్పు నాదే అనుకున్నాను. నా చెయ్యి మంచిది కాదనుకున్నాను. ఆ ఒక్క అభిప్రాయంతో తిండి సహించక, చదువు సాగక, పద్దెనిమిదేళ్ళ పిల్లను ముసలమ్మలా తిరిగాను. "ఇంక మూడు వారాల్లో సెలక్షన్లు. ఈ రాకెట్‌తో కూడా ఆడలేకపోతే నేను ఏ ముఖం పెట్టుకుని నిన్ను పంపేది?" అంది మేడం ఒక సాయంత్రం, అందరి ముందూ.

మర్నాడే ఒక గట్ తెగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గట్‌కు దండం పెట్టాలనిపిస్తుంది. స్టేషను వెనక సందులో సైకిలు షాపుకూ సోడా కొట్టుకూ నడుమ ఖాదర్ మామ దుకాణం. దుకాణమంటే నాలుగు అడుగుల వసారా. ఊళ్ళోని కాలేజీల రాకెట్లూ, హాకీ కర్రలూ, క్లబ్బుల క్యారం బోర్డులూ అక్కడికే వచ్చేవి. ఆయనకు అరవై దగ్గర పడుతూ ఉండేవి. సన్నటి మనిషి, ఒక కమ్మీ విరిగిన కళ్ళద్దాలను దారంతో చెవికి కట్టుకునేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. వాళ్ళ నాయన జట్కా బండ్లకు చక్రాలు చేసేవాడట. జట్కాలు తగ్గిపోయాక కొడుకు రాకెట్లకు మళ్ళాడు. ఆయనకు తొందర అనేది తెలియదు. పని అడిగితే "అయినప్పుడు అయితాది" అనేవాడు, అందరికీ ఒంటికి కారం రాసినట్టు ఉండేది.

నేను రాకెట్‌ను ఎడమ చేత్తో అందించాను. ఆయన దాన్ని తీసుకోలేదు. నా కుడి మోచెయ్యి వైపు చూశాడు.

"ఎప్పటినించి నొప్పి?"

"నొప్పేం లేదు మామా. గట్ వేసియ్యి చాలు."

"గట్‌దేముంది పాపా, అరగంట పని. నువ్వు కొట్టేది నేను సూడాల. కోర్టు యాడుండాది ఈడ. గుడ్డలు ఉతుకుతావా?"

నాకు ఒళ్ళు మండింది. రాకెట్ బాగుచేయమని వస్తే గుడ్డలు ఉతకమంటాడేమిటి ఈయన అనుకున్నాను. లోపలినుంచి ఆయన భార్య బీబీ అత్త నవ్వుతూ వచ్చింది. "ఏమనుకోవద్దు తల్లీ, ఈయన వొచ్చినోళ్ళందరితో ఇట్లనే ఏదో ఒగ పని సేపిస్తాడు" అని ఒక తడి దుప్పటి తెచ్చి నా చేతిలో పెట్టింది. దుకాణం వెనక కుళాయి, ఉతికే బండ. అక్కడికి పోయి కోపంతో నాలుగు దెబ్బలు వేశాను. "కోపంగా కాదు, ఇంట్లో మాదిరి" అన్నాడు ఆయన. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా మా అమ్మ పక్కన చేరి ఉతికేది నేనే కాబట్టి చెయ్యి దానంతటదే ఆ లయకు వచ్చేసింది. ఆయన కాసేపు చూశాడు, తర్వాత కళ్ళు మూసుకుని విన్నాడు. పాతిక దెబ్బలయ్యాక చాలన్నాడు. బీబీ అత్తకు ఒక దుప్పటి ఉతకడం తప్పింది.

"నువ్వు పైకెత్తేది నిదానం. పైన రవ్వంత నిలబెడతావు. ఆ పైన వొదిలేస్తావు. నీ బలమంతా ఆ వొదిలేసే దాంట్లో ఉండాది" అన్నాడు. అప్పుడు రాకెట్ తీసుకుని వంచి చూశాడు. "ఈ రాకెట్ ఎవరిదో గానీ ఆయమ్మది తొందర సెయ్యి. లటుక్కున కొడతాది. దానికి గట్టి కాడ కావాల. నీకు ఇది రాయి. నువ్వు నిదానంగా తెచ్చినంత సేపు ఇది వొంగదు. వొంగని కాడ తిరిగి ఏమిస్తాది? దెబ్బ నీ మోసేతికే కొడతాది."

కాడ అంటే రాకెట్‌లో గట్లున్న చట్రానికీ మనం పట్టుకునే పిడికీ నడుమ ఉండే కట్టె. అప్పటిదాకా నేను దాన్ని కంటితో చూశానే గానీ దానికీ ఒక పని ఉందని అనుకోలేదు. ఆయన చూరులోనుంచి ఒక కావడి బద్ద దించాడు. హోటళ్ళకు నీళ్ళు మోసే ఒకాయన ముసలివాడై పని మానేశాక అడిగి తెచ్చుకున్నాడట. కొండలో దొరికే తడ అనే చెట్టు కర్ర. రెండు చివరలూ పట్టుకుని వంచి చూపించాడు. విల్లులా వంగి, వదలగానే తన చోటికి వచ్చేసింది. "ఇరవై ఏండ్లు భుజం మీద ఊగింది ఇది. ఊగడం నేర్సుకుండాది. కావడి మోసేవాడు అడుగేస్తే బద్ద కిందికి పోతాది, మల్లా అడుక్కి తానే పైకి లేస్తాది. సగం బరువు బద్దే మోస్తాది. అయితే ఒగరి బద్ద ఇంకొకరికి పనికిరాదు. నడక వేరు గదా." నా రెండు నెలల బాధకు కారణం ఇంత చిన్నదా అని నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నా చెయ్యి మంచిదే. ఆ మాట ఆయన చెప్పలేదు గానీ, నాకు వినపడింది.

అయితే పద్మక్క రాకెట్ పక్కన పెట్టి వేరేది పట్టుకుంటే మేడం ఊరుకోదు. అదే చెప్పాను. ఆ తర్వాత నేను అడిగింది నేను తలదించుకోవలసిన విషయం. ఈ రాకెట్‌కే కాడ మార్చమన్నాను. చట్రం అలాగే ఉండాలి, దాని మీద కుంకుమ బొట్టు అలాగే ఉండాలి, పైన రంగు కలిసిపోవాలి, పిడికి పాత గుడ్డే చుట్టాలి. ఎవరికీ తెలియకూడదు. ఖాదర్ మామ బద్దను పక్కన పెట్టి నా వంక చూశాడు.

"సేసిన పని దాసిపెట్టమంటాండావు. నలబై ఏండ్లలో ఎవరూ నన్నట్లా అడగలేదు."

నేను ఏడ్చాను. నాయన మాట, సీటు, బట్టల కొట్టు అన్నీ చెప్పాను. బీబీ అత్త ఉర్దూలో ఆయనతో ఏదో గట్టిగా అంది. ఆయన రాకెట్ తీసుకుని లోపల పెట్టాడు. "సరే. నీ సెయ్యి బాగుపడాల, అది ముందు. ఇది మాత్రం ఎప్పుడో ఒగనాడు నువ్వే సెప్పుకోవాల్సొస్తాది, సూసుకో" అన్నాడు. మూడు రోజులు కాలేజీ కాగానే పోయి అక్కడే కూర్చున్నాను. పాత కాడను ఏటవాలుగా కోసి, కావడి బద్ద నుంచి చీల్చిన కట్టెను అంతే ఏటవాలుగా చెక్కి, రెండింటినీ ఆ కంపు జిగురుతో అతికించి, దారం చుట్టి బిగించాడు. ఆకురాయితో నాలుగుసార్లు గీకుతాడు, నా చేతికిచ్చి గాలిలో విసరమంటాడు, మళ్ళీ లాక్కుని రెండుసార్లు గీకుతాడు. ఎక్కడ ఆపాలో ఆయన చేతికి తెలిసేది. ఆ మూడు రోజుల్లో నా ముక్కుకు ఆ వాసన పట్టుకుంది.

కొత్త కాడతో మొదటి రోజు నేను కొట్టిన ప్రతి బంతీ వెనక గీత దాటి కంచెలో పడింది. జట్టులో పిల్లలు పడీపడీ నవ్వారు. మేడం తల పట్టుకుంది. నేను నేరుగా దుకాణానికి పోయి రాకెట్‌ను ఆయన ముందు పడేసినంత పని చేశాను. ఇంకొంచెం గట్టిది వేయమని అడిగాను. ఆయన రాకెట్ తిప్పి కూడా చూడలేదు. "కట్టె కొత్తది, సెయ్యి పాతది. ఆ రాయితో కొట్టీ కొట్టీ బలం పెట్టడం నేర్సుకున్నావు. అది మర్సిపో. దుప్పటి ఉతికినట్టు కొట్టు. పది దినాలు కొట్టినాక రా, అప్పుడు నన్ను తిడుదువు" అన్నాడు. తిట్టేంత కోపం అప్పుడే ఉంది గానీ ఆయన అప్పటికే వేరే రాకెట్ పనిలో పడిపోయాడు.

పది రోజులూ తెల్లవారగానే లేచాను. హాస్టలు నుంచి అలిపిరి దాకా పరుగు, తిరిగి వచ్చి కాలేజీ వెనక గోడకు బంతి కొట్టడం. గుండు చేయించుకోబోయే యాత్రికులు మెట్ల దారి వైపు నడుస్తూ, చమటతో పరుగెత్తే ఈ పిల్లకు ఏం మొక్కు ఉందో అని వింతగా చూసేవాళ్ళు. మొక్కు లేదు, మొండితనం ఉంది. మొదటి నాలుగు రోజులు గోడ నన్ను ఓడించింది. బలం పెట్టకుండా కొట్టడం ఎంత కష్టమో మీరెప్పుడైనా ప్రయత్నిస్తే తెలుస్తుంది. అయిదో రోజో ఆరో రోజో ఒక బంతికి చెయ్యి పైన రవ్వంత ఆగింది. తర్వాత నేను ఏమీ చేయలేదు, కాడే చేసింది. బంతి గోడకు తగిలి నా తల మీదుగా వెనక్కి పోయింది. నేను దాన్ని తెచ్చుకోవడానికి కూడా కదల్లేదు. మోచెయ్యి నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు.

సెలక్షన్లలో నన్ను తీసుకున్నారు. ఆ ఏడు మా యూనివర్సిటీ జట్టు మంచి ఆట ఆడింది, నేనూ ఆడాను. ఆటల గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి అంతటితో వదిలేస్తాను. కాలేజీలో సన్మానం పెట్టారు. మైకు ముందు నిలబడ్డాను. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో మేడం ముందే చెప్పింది, చెప్పాను. చివర్లో చప్పట్ల కోసమో భయంతోనో, "ఇదంతా పద్మక్క రాకెట్ చలవ" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చూశాను, హాలు చివర తలుపు దగ్గర ఖాదర్ మామను. బాగుచేసిన రాకెట్ల కట్ట ఇవ్వడానికి వచ్చాడు. కట్టను చంకలో పెట్టుకుని ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు. ఆయన ముఖంలో వెటకారం లేదు, నొప్పి కూడా లేదు. ఉంటే బాగుండేది. ఆ రోజు నా మీద నాకు కలిగిన అసహ్యం చాలాకాలం పోలేదు. అయినా నోరు విప్పలేదు. ఏడాది పాటు ఆ దుకాణం ముందునుంచి పోవలసి వస్తే వేరే సందులోంచి పోయాను.

చివరి ఏడు దసరా వచ్చింది. కెప్టెను నేను. రాకెట్ అందుకోవలసిన అమ్మాయి విజయ. పదిహేడేళ్ళ బక్క పిల్ల, ఆటంటే నాకంటే పిచ్చి. నేను చదవబోయే కోర్సుకు దరఖాస్తు మేడం బల్ల మీద ఉంది, ఉత్తరం ఇంకా రాయలేదు. పూజకు రెండు రోజుల ముందు పిడికి కొత్త గుడ్డ చుట్టించాలని తప్పనిసరై ఖాదర్ మామ దగ్గరికి పోయాను. ఏడాదిగా ఎందుకు రాలేదని ఆయన అడగలేదు.

"ఎవరికి ఇది?"

చెప్పాను.

"ఆ పిల్ల సెయ్యి ఎట్లాంటిది?"

ఏడాదికి పైగా నా పక్కనే ఆడుతున్న పిల్ల చెయ్యి ఎలాంటిదో నేను ఒక్కసారీ చూడలేదు. గుర్తు తెచ్చుకుని, చాలా తొందరగా కొడుతుంది మామా అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇట్లా ఊగే కాడ తొందర సేతికి ఇస్తే బంతి యాడికి పోతాదో దానికే తెల్దు. రెండు నెలలు అగసాట్లు పడతాది. రాకెట్‌ను ఏమీ అనేదానికి లేదు గదా, మీ పూజలూ అవీ ఉండాయి. తన సెయ్యే మంచిది కాదనుకుంటాది."

అంతకంటే ఆయన నన్ను చెంపమీద కొట్టి ఉంటే నయం. నా బుద్ధి వెంటనే అడ్డదారి వెతికింది. పూజలోగా గట్టి కాడ వేసి ఇవ్వు మామా, అప్పటిలాగే ఎవరికీ తెలియకుండా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒగసారి దాసినా, నీ సేతి కోసం. ఇప్పుడు నీ సేతికేం నొప్పి లేదు. రెండోసారి దాసను." గుడ్డ చుట్టలేదు. రాకెట్‌ను అలాగే నా చేతికిచ్చి పనిలో పడ్డాడు.

రెండు రోజులు నేను పడిన యాతన ఏమని చెప్పను. ఉత్తరం రాకపోతే సీటు లేదు, సీటు లేకపోతే కార్వేటినగరం, బట్టల కొట్టు. నోరు మూసుకుంటే అన్నీ దొరుకుతాయి. ఒక పిల్ల మోచెయ్యి పాడవుతుంది, అంతే కదా అని నాకు నేను చెప్పుకోబోయాను. ఆ మాట పూర్తి చేయలేకపోయాను. డ్రిల్లు టీచరు కావాలని ఎందుకు అనుకున్నాను? ఎండలో పరుగెత్తే పిల్లల కోసం అనుకున్నాను కదా. మొదటి పిల్లనే ముంచి ఆ ఉద్యోగం సంపాదించుకుంటే, తర్వాత ఏ ముఖంతో ఈల ఊదను?

పూజ అయ్యింది. హారతి కళ్ళకద్దుకుని విజయ రెండు చేతులూ చాపింది. నేను ఇవ్వలేదు. అందరూ చూస్తుండగా పిడికి చుట్టిన గుడ్డ విప్పేశాను, కాడ మీది రంగును గోటితో గీకాను. ఏటవాలు అతుకు బయటపడింది. "ఇది పద్మక్క కాడ కాదు. ఏడాది కిందట స్టేషను వెనక ఖాదర్ మామ నా చేతిని చూసి వేసింది. నేనే మార్పించాను, నేనే దాచాను. నన్ను ఆడించింది ఈ కాడ. ఇది విజయకు పనికిరాదు" అన్నాను. మేడం నా చేతిలోంచి రాకెట్ తీసుకుని, అతుకు మీద వేలు రాసి చూసి, దానితోనే తన గదిలోకి వెళ్ళిపోయింది. నెలన్నర నాతో మాట్లాడలేదు. దరఖాస్తు పంపవలసిన చివరి రోజున పిలిచి ఉత్తరం చేతిలో పెట్టింది. అందులో ఆట గురించి నాలుగు మాటలే ఉన్నాయి. కింద మాత్రం, ఈ అమ్మాయి తప్పు చేస్తే తానే వచ్చి చెబుతుంది, పిల్లలను అప్పగించవచ్చు అని ఉంది. ఆ ఉత్తరంతోనే నాకు సీటు వచ్చింది. నాయన మాట నిలబెట్టుకున్నాడు.

ఆ పూజ మర్నాడు విజయను వెంటబెట్టుకుని ఖాదర్ మామ దుకాణానికి పోయాను. అందరి ముందూ నీ పేరు చెప్పాను మామా అన్నాను, మెచ్చుకుంటాడేమోనని. "పేరు సరే. ఆ పిల్లను ముందుకు రానీ" అన్నాడు. గుడ్డలు ఉతుకుతావా అని విజయను అడిగితే, వాళ్ళింట్లో చాకలామె ఉంది, తనకు రాదంది. అలిపిరి దారిలో వాళ్ళ నాయనకు కాఫీ హోటలు. రద్దీ ఉంటే తనే కాఫీ కలుపుతానంది. ఆయన రెండు గ్లాసులు తెప్పించి నీళ్ళు పోసి, చల్లార్చి చూపించమన్నాడు. ఆ పిల్ల ఒక గ్లాసు తలపైకి ఎత్తి, ఇంకొకటి మోకాలి దగ్గర పట్టి, చుక్క కింద పడకుండా చకచకా పోసేసింది. మణికట్టు కళ్ళకు అందలేదు. బీబీ అత్త అబ్బురంగా చూసింది.

పద్మక్క రాకెట్ మేడం దగ్గరే ఉండిపోయింది కాబట్టి, విజయకు వేరేది కట్టడానికి ఖాదర్ మామ లోపలినుంచి మూడు కట్టెలు తెచ్చాడు. వాటిని విజయ ముందు కాదు, నా ముందు పెట్టాడు. "నువ్వూ సూసినావు గదా. సెప్పు, ఏది?" అన్నాడు.

ఒక్కొక్కటీ మోకాలికి ఆనించి వంచి చూశాను. మొదటిది ఊగేది, అది కాదు. రెండోది లావుగా, గట్టిగా ఉంది. తొందర చేతికి గట్టి కాడ కావాలని ఆయనే చెప్పాడు కాబట్టి దాన్ని తీయబోయాను. మళ్ళీ విజయ మోచెయ్యి వంక చూశాను. అగ్గిపుల్లంత చెయ్యి, అంత బరువు సాయంత్రం దాకా ఎలా మోస్తుంది? మూడోది సన్నగా ఉంది, కానీ వంచితే ఎదురు తిరిగింది. అది తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బిగించుకుని ఆకురాయి అందుకున్నాడు.

ఆ తర్వాత చిత్తూరు జిల్లాలో ఎన్నో బడుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆటలు నేర్పాను. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి వారం ఏ ఆట సామానూ ఇచ్చేదాన్ని కాదు. నీళ్ళు తోడమనేదాన్ని, మైదానం ఊడవమనేదాన్ని, కూర్చుని చూసేదాన్ని. పిల్లలతో పని చేయించుకుంటోందని నా మీద ఫిర్యాదులు కూడా వెళ్ళాయి. వెళ్ళనీ అనుకున్నాను. ఏడాదికి ఒకరైనా మైదానం అంచున తల వంచుకుని నిలబడి, నా చెయ్యి మంచిది కాదు టీచర్ అనేవాళ్ళు. ఎంతమంది అన్నారో లెక్క లేదు. ఒక్కరి విషయంలోనూ అది నిజం కాలేదు.